సెన్సర్ మార్చే ముందు

చెక్ ఇంజన్ లైటు వెలిగిన వాహనానికి స్కానర్ తగిలించినప్పుడు తెర మీద పి0340 అనే కోడ్ కనిపిస్తే, క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ ఉన్న సర్క్యూట్ నుంచి తనకు అందవలసిన సంకేతం సరిగా అందడం లేదని ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ చెబుతున్నట్టు అర్థం. ఆ కోడ్ చెప్పేది అంతవరకే. సర్క్యూట్ అన్న మాటలో సెన్సర్‌తో పాటు దానికి విద్యుత్తును తెచ్చే తీగ, తిరిగి తీసుకుపోయే ఎర్త్ తీగ, సంకేతాన్ని మోసే మూడో తీగ, దారి మధ్యలోని కప్లర్లు, వాటిలోని సన్నని పిన్నులు, చివరన ఈసీయూ అని పిలిచే ఆ కంప్యూటర్ కూడా ఇమిడి ఉన్నాయి. ఇన్నింటిలో లోపం ఎక్కడుందో తేల్చకుండానే కొత్త సెన్సర్ కొని బిగించే అలవాటు గ్యారేజీల్లో బలంగా పాతుకుపోయింది. "పెట్టి చూద్దాం" అనే ఆ పద్ధతి ఖర్చును బండి యజమాని మీద వేస్తుంది. అంతకంటే పెద్ద నష్టాన్ని పని నేర్చుకుంటున్న యువకుడికి కలిగిస్తుంది, ఎందుకంటే అదృష్టవశాత్తు బండి బాగైనా ఎందుకు బాగైందో, బాగుకాకపోతే ఎందుకు కాలేదో అతడికి ఎన్నటికీ తెలియదు. ఈ అధ్యాయంలో ప్రతిపాదించే పద్ధతికి మూలసూత్రం ఒకటే: మీటరు ముల్లు తీగకు తాకించే ముందే అక్కడ ఎంత రావాలో ఆలోచించి కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాతే కొలవాలి.

సూరత్‌లోని తెలుగువారికి ఈ విద్యతో దగ్గరి సంబంధం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగర పాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఆ స్థిరనివాసమే. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకూ, పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల్లోని అద్దకం, ప్రింటింగ్ మిల్లులకూ మధ్య తాన్లు మోసే చిన్న సరుకు వాహనాలు ఒక్క రోజు నిలిచిపోయినా ఆ రోజు కిరాయి పోయినట్టే. అటువంటి ఊళ్లో వాహన మరమ్మతు నేర్చుకునే తెలుగు యువకుడు సర్వీస్ మాన్యువల్‌ను ఇంగ్లీషులో, మేస్త్రీ మాటలను గుజరాతీ కలిసిన హిందీలో, తన ఆలోచనను తెలుగులో నడిపించుకోవలసి వస్తుంది. వైరింగ్ డయాగ్రమ్‌కు మాత్రం ఆ ఇబ్బంది అంతగా లేదు. గీతలు, తీగల రంగులు, పిన్నుల అంకెలు చదవడం ఒకసారి అలవడితే అది ఏ భాషవారికైనా ఒక్కటే. మొదటి ఆరు నెలల్లో ఏదైనా ఒక్క నైపుణ్యం మీదే పట్టు సాధించగలిగితే, అది ఆ డయాగ్రమ్ చదవడమే కావాలి.

మగ్గం ఇంటి పిల్లలకు క్యామ్‌షాఫ్ట్ ఎందుకో అర్థం చేసుకోవడం ఇతరులకంటే సులువు. సిరిసిల్ల వైపు సాంచె అని పిలిచే సాదా మరమగ్గంలో క్రాంక్ షాఫ్ట్, బాటమ్ షాఫ్ట్ అని రెండు ఉంటాయి. క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక పేక పోగు పడుతుంది; పళ్లచక్రాలతో దానికి జోడించిన బాటమ్ షాఫ్ట్ సరిగ్గా సగం వేగంతో తిరుగుతూ, తన మీదున్న టాపెట్లతో నాడెను ఒకసారి ఎడమ నుంచి, మరోసారి కుడి నుంచి విసిరిస్తుంది. కాబట్టి క్రాంక్ షాఫ్ట్ ఒకే స్థితిలో కనిపించినా, నాడె ఈసారి ఏ వైపు నుంచి రావాలన్నది బాటమ్ షాఫ్ట్‌ను చూస్తే తప్ప తెలియదు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లోనూ లెక్క ఇదే. గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వదలడం అనే నాలుగు దశలు పూర్తి కావడానికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. సాధారణ నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటో పిస్టనూ నాలుగో పిస్టనూ కలిసే పైకి వస్తాయి. అయితే వాటిలో ఒకటి మండటానికి సిద్ధంగా ఉన్న గాలిని నొక్కుతూ ఉంటే, రెండోది మండిపోయిన పొగను బయటికి తోస్తూ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ పిస్టన్లు ఎక్కడున్నాయో చెప్పగలదు కానీ, ఏది ఏ దశలో ఉందో చెప్పలేదు. ఆ తేడాను ఈసీయూకు చెప్పే పని క్యామ్‌షాఫ్ట్ సెన్సర్‌ది.

ఈ పని తెలిస్తే రోగలక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. ఏ సిలిండర్‌కు ఎప్పుడు ఇంధనం చల్లాలో తెలియనప్పుడు, కొన్ని ఇంజన్లలో ఈసీయూ రెండేసి సిలిండర్లకు ఒకేసారి ఇంధనం చల్లుతూ, రెండింటికీ ఒకేసారి నిప్పు రవ్వ పంపుతూ ఎలాగో నెట్టుకొస్తుంది. అందువల్ల బండి నడుస్తుంది, కాకపోతే సెల్ఫ్ చాలాసేపు తిరిగితే గానీ ఇంజన్ అందుకోదు, పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. మరికొన్ని ఇంజన్లలో సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజన్ అసలు అందుకోదు. ఇంకొన్ని నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, పది నిమిషాలు చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ అందుకుంటాయి. ఈ మూడు ప్రవర్తనల్లో ఏది సహజమో ఆ ఇంజన్ రూపకల్పనను బట్టి ఉంటుంది కాబట్టి, ఒక కంపెనీ బండితో వచ్చిన అనుభవాన్ని మరో కంపెనీ బండికి యథాతథంగా అన్వయించకూడదు.

సెన్సర్లలో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. రెండు తీగలది అయస్కాంతం, తీగచుట్ట కలిసిన పాత తరహా సెన్సర్. దాని ముందు నుంచి ఇనుప పన్ను దాటినప్పుడల్లా చుట్టలో చిన్న ఏసీ వోల్టేజి పుడుతుంది, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ఆ వోల్టేజి పెరుగుతుంది, బయటి నుంచి దానికి విద్యుత్తు అవసరం లేదు. మూడు తీగలది ఎక్కువగా హాల్ సెన్సర్. విద్యుత్తు ప్రవహిస్తున్న లోహపు రేకుకు అడ్డంగా అయస్కాంత క్షేత్రం ఉన్నప్పుడు ఆ రేకు పక్కల మధ్య చిన్న వోల్టేజి ఏర్పడుతుందని 1879లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ కనుగొన్నాడు. ఆ సూత్రాన్నే ఒక చిప్‌లో ఇమిడ్చి, దాని వెంట ఒక ఎలక్ట్రానిక్ స్విచ్‌ను చేర్చినది నేటి హాల్ సెన్సర్. దానికి 5 వోల్టులో, బ్యాటరీ వోల్టేజో సరఫరా కావాలి.

ఈ మూడు తీగల సర్క్యూట్‌లో అభ్యాసకులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. సంకేతపు తీగ మీద కనిపించే 5 వోల్టులను సెన్సర్ పుట్టిస్తోందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ వాహనాల్లో ఆ 5 వోల్టులను ఈసీయూయే ఒక రెసిస్టర్ గుండా ఆ తీగ మీద ఉంచుతుంది. పన్ను ఎదురైనప్పుడు సెన్సర్‌లోని స్విచ్ ఆ తీగను ఎర్త్‌కు కలిపి సున్నాకు దించుతుంది, పన్ను దాటగానే వదిలేస్తుంది. ఈ ఏర్పాటును పుల్‌అప్ అంటారు. దీన్ని గ్రహించినవారికి కోడ్‌ల కుటుంబం మొత్తం అర్థవంతమవుతుంది. పి0343 అంటే సంకేతం ఎప్పుడూ పైనే నిలిచిపోయిందని; సెన్సర్‌కు సరఫరా అందకపోయినా, ఎర్త్ తెగినా, సంకేతపు తీగే మధ్యలో తెగినా, కిందికి దించేవారు లేక అది పైనే ఉండిపోతుంది. పి0342 అంటే సంకేతం కిందే నిలిచిపోయిందని. తీగ ఎక్కడో ఇంజన్ బాడీకి రాసుకుని ఎర్త్ అవుతూ ఉండవచ్చు, లేదా సెన్సర్‌లోని స్విచ్ మూసుకుని అలాగే ఉండిపోయి ఉండవచ్చు. పి0344 సంకేతం వస్తూ పోతూ ఉందని చెబుతుంది. పి0341 సంకేతం వస్తున్నా దాని తీరు క్రాంక్ సంకేతంతో పొసగడం లేదని చెబుతుంది. దీని సంగతి వేరుగా చూడాలి. కంపెనీని బట్టి ఈ నిర్వచనాల్లో చిన్న తేడాలుంటాయి కాబట్టి ఆ వాహనపు మాన్యువల్‌లోని వివరణే చివరి మాట.

కోడ్‌లు ఇలా ఒకే తీరుగా చదవగలగడం వెనుక ఉద్గార నిబంధనల చరిత్ర ఉంది. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు మొదట 13 నగరాల్లో అమలులోకి వచ్చినప్పుడు ఆ జాబితాలో హైదరాబాద్‌తో పాటు సూరత్ కూడా ఉంది. వాటితోపాటే ఇంజన్ తన లోపాలను తానే గుర్తించి నమోదు చేసుకునే ఓబీడీ వ్యవస్థ మొదటి దశ, 2013లో రెండో దశ తప్పనిసరి అయ్యాయి. ఆ ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1న దేశమంతటికీ విస్తరించాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 వచ్చింది. అందుచేత డ్రైవరు పక్కన డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్ ఇప్పుడు దాదాపు ప్రతి కారులోనూ కనిపిస్తుంది.

ఆ సాకెట్‌కు స్కానర్ తగిలించిన వెంటనే కోడ్‌ను చెరిపేయడం ఈ వృత్తిలో చేయగలిగిన తప్పులన్నింటిలోకీ చెడ్డది. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, నీటి ఉష్ణోగ్రత, బండి వేగం, లోడు ఎంతెంత ఉన్నాయో ఈసీయూ ఒక చట్రంలో భద్రపరుస్తుంది; దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్‌ను చెరిపితే అదీ పోతుంది. ఆ చట్రంలో ఇంజన్ వేగం నిమిషానికి 200 చుట్ల చుట్టుపక్కల ఉంటే లోపం సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బయటపడిందని, అటువంటప్పుడు బ్యాటరీ బలహీనతను కూడా అనుమానించాలని తెలుస్తుంది. వేగం ఎక్కువగా ఉండి, ఉష్ణోగ్రత 95 డిగ్రీలు దాటి ఉంటే వేడికి లొంగిపోయే సెన్సర్‌ను అనుమానించవచ్చు. యజమానిని అడగవలసిన ప్రశ్నలు కూడా ఇక్కడే అడగాలి: బండి ఎప్పుడు మొరాయిస్తోంది, వాన తర్వాతా, ఎండలోనా, గ్యాస్ మీదా, పెట్రోలు మీదా, ఇటీవల ఎవరు ఏ పని చేశారు? జవాబులను తన మాటల్లోకి మార్చుకోకుండా, యజమాని చెప్పిన మాటల్లోనే రాసుకోవడం మంచిది.

తర్వాతి మెట్టు కళ్లతో చూడటం. సూరత్ సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ విపరీతం, భారీ వర్షాలకు నగరం గుండా పోయే ఖాడీలు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వైపు రోడ్లు నీట మునగడం పరిపాటి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన వరదకు నగరంలో చాలా భాగమే మునిగింది. నీటిలో నడిచిన బండి కప్లర్‌లోని రబ్బరు సీలు గట్టిపడి ఉంటే తేమ లోపలికి చేరి, కొన్ని వారాల తర్వాత పిన్నుల మీద ఆకుపచ్చని పొడి పేరుకుంటుంది. అంటే వాన వెలిసి ఎండ కాస్తున్న రోజుల్లో కూడా వాన చేసిన లోపం బయటపడవచ్చు. సెన్సర్ ఓ రింగు కారితే ఇంజన్ ఆయిలు కప్లర్‌లోకి పాకుతుంది. ఎలుకలు కొరికిన తీగలు, బిగింపు చెవి విరిగి పక్కకు జరిగిన సెన్సర్, దాని కొనకు అతుక్కున్న ఇనుప రజను కూడా కంటికి కనిపించేవే.

ఈ ఊళ్లో ప్రత్యేకంగా చూడవలసింది తర్వాత అమర్చిన సీఎన్‌జీ కిట్టు. గ్యాస్ పెట్రోలుకంటే నెమ్మదిగా మండుతుంది కాబట్టి నిప్పు రవ్వను కొంచెం ముందుగా రప్పించడానికి కొన్ని కిట్లలో టైమింగ్ అడ్వాన్స్ ప్రాసెసర్ అనే చిన్న పెట్టెను అమరుస్తారు. అది క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ తీగలను మధ్యలో కోసి, సంకేతాన్ని తన గుండా పంపుతుంది. ఆ అతుకులు మెలితిప్పి టేపు చుట్టినవైతే రెండు వానాకాలాలు కూడా నిలవడం కష్టం. అటువంటి బండిలో కంపెనీ డయాగ్రమ్ సగం దారే చూపిస్తుంది, మిగతా సగం చేత్తో తీగను పట్టుకుని వెతుక్కోవాలి. ఇంత అనుమానాస్పదమైన అతుకు కళ్ల ముందు ఉండగా సెన్సర్‌ను మార్చి పంపడం వృత్తిధర్మం అనిపించుకోదు.

ఇక కొలతలు. తాళం ఆన్‌లో ఉంచి, ఇంజన్ నడపకుండా, మూడు తీగల సెన్సర్ కప్లర్ దగ్గర మూడు ప్రశ్నలు వేయాలి. సరఫరా ఉందా? డయాగ్రమ్ 5 వోల్టులని చెబితే 4.8 నుంచి 5.2 మధ్య రావాలి, బ్యాటరీ వోల్టేజి అని చెబితే ఇంచుమించు బ్యాటరీ మీద కొలిచినంత రావాలి. ఎర్త్ మంచిదేనా? సెన్సర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.1 వోల్టుకు మించి రాకూడదు. సంకేతపు తీగ ప్రాణంతో ఉందా? కప్లర్‌ను విడదీసినప్పుడు ఈసీయూ వైపు తీగ మీద పుల్‌అప్ వోల్టేజి కనిపించాలి. ప్రతి ప్రశ్నకూ జవాబును ముందే రాసుకుని, తర్వాత కొలిచి, పక్కన రాయాలి. రెండూ కలిస్తే ఆ తీగ మీద అనుమానం తగ్గుతుంది, కలవకపోతే లోపం దగ్గరలోనే ఉంది. అంచనా లేకుండా కొలిచినవారికి మీటరు చూపే ఏ అంకె అయినా సమంజసంగానే తోస్తుంది, ఎందుకంటే దాన్ని పోల్చి చూడటానికి వారి మనసులో మరో అంకె లేదు.

కొలతలో దాగి ఉన్న ఒక మోసాన్ని ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి పనివారు కూడా దీని దగ్గర దెబ్బతింటారు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు, అంటే కోటి ఓమ్‌లు ఉంటుంది. 5 వోల్టుల తీగకు దాన్ని తాకించినప్పుడు అది లాగే కరెంటు అర మైక్రో ఆంపియరు మాత్రమే. తుప్పు పట్టిన పిన్ను దగ్గర 200 ఓమ్‌ల నిరోధం పెరిగి ఉందనుకుంటే, అంత స్వల్పమైన కరెంటుకు అక్కడ తగ్గే వోల్టేజి వోల్టులో పదివేలవ వంతు. కాబట్టి సెన్సర్ విప్పి ఉన్నప్పుడు మీటరు నిండుగా 5 వోల్టులు చూపిస్తుంది. అదే కప్లర్‌ను సెన్సర్‌కు బిగించి, సెన్సర్ 10 మిల్లీ ఆంపియర్లు లాగడం మొదలుపెట్టగానే ఆ 200 ఓమ్‌ల దగ్గర 2 వోల్టులు హరించుకుపోయి, సెన్సర్‌కు 3 వోల్టులే మిగులుతాయి. అదే తుప్పు ఎర్త్ వైపు ఉంటే, సెన్సర్ సంకేతాన్ని సున్నాకు దించబోయినా అది 2 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, ఈసీయూ దాన్ని కిందికి దిగినట్టు గుర్తించకపోవచ్చు. విప్పి చూసినప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయి, బిగిస్తే పని చేయడం లేదు, కాబట్టి సెన్సరే పాడు అనే తీర్పు ఈ విధంగానే పుడుతుంది. అందుచేత సరఫరానూ ఎర్త్‌నూ కప్లర్ బిగించి ఉండగానే, దాని వెనుక వైపు నుంచి సన్నని పిన్నును జాగ్రత్తగా చొప్పించి కొలవాలి. దీన్ని బ్యాక్ ప్రోబింగ్ అంటారు. సూదితో తీగ తోలును పొడిచి కొలవడం ఎక్కడైనా మంచిది కాదు, ఇంత తేమ గల ఊళ్లో అసలే మంచిది కాదు, ఆ రంధ్రమే రేపటి తుప్పుకు ద్వారమవుతుంది. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపును కూడా ఈ తీగలకు దూరంగా ఉంచాలి, అది లాగే కరెంటును ఈసీయూ లోపలి సన్నని భాగాలు భరించలేవు.

మూడు తీగలూ ఈ పరీక్షలకు నిలిచిన తర్వాత సెన్సర్ పనిచేస్తోందో లేదో చూడాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంధనమూ నిప్పు రవ్వా రాకుండా ఇంజెక్టర్లనూ కాయిల్ కప్లర్లనూ విప్పి, సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ వాల్వును కూడా మూసి, తాళం ఆన్ చేసి, క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో నెమ్మదిగా ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పాలి. రెండు పూర్తి చుట్లలో సంకేతపు తీగ మీద వోల్టేజి 5 నుంచి సున్నాకు, సున్నా నుంచి 5కు మారుతూ ఉండాలి. సరఫరా, ఎర్త్, పుల్‌అప్ మూడూ సెన్సర్ బిగించి ఉండగా సరిగ్గా ఉండి, పన్ను చక్రం నిజంగా తిరుగుతూ ఉండి, సెన్సర్ కొనకూ పళ్లకూ మధ్య సందు మాన్యువల్ చెప్పినంతే ఉండి, అయినా వోల్టేజి కదలకపోతే, అప్పుడు సెన్సర్ దోషి అని ధైర్యంగా చెప్పవచ్చు. హాల్ సెన్సర్‌ను ఓమ్‌లలో కొలిచి మంచి చెడ్డలు తేల్చడం కుదరదు, అది లోపల చిప్ ఉన్న పరికరం. ఓమ్‌లలో కొలవదగినది రెండు తీగల సెన్సరే, దాని విలువ వందల ఓమ్‌ల నుంచి వేల ఓమ్‌ల దాకా ఏదైనా కావచ్చు కాబట్టి మాన్యువల్ అంకెతో పోల్చాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మల్టీమీటర్ చూపేది సగటు మాత్రమే, ఆ వేగంలో జరిగే మార్పులను చూడటానికి ఆసిలోస్కోప్ కావాలి. వోల్టేజి కాలంతో పాటు ఎలా మారుతుందో గీతగా చూపే ఈ పరికరం ఒకప్పటిలా అందరానిది కాదు. క్రాంక్, క్యామ్ సంకేతాలను పైనా కిందా పెట్టి చూడగలిగే రెండు చానళ్ల స్కోప్ కొనడానికి డబ్బు దాచుకోవడం అవసరం లేని సెన్సర్ల మీద పోసే డబ్బుకంటే ఎంతో మేలు.

వస్తూ పోతూ ఉండే లోపానికి ఓపిక కావాలి. స్కోప్‌నో మీటరునో తగిలించి ఉంచి, తీగల కట్టను కప్లర్ నుంచి ఈసీయూ దాకా జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ పోతే సంకేతం తెగిన చోట చేయి ఆగుతుంది. వేడెక్కినప్పుడే ఆగిపోయే బండికి సెన్సర్ మీద జుట్టు ఆరబెట్టే యంత్రంతో మెల్లగా వేడి గాలి కొట్టి, సంకేతం పోతుందేమో, చల్లారాక తిరిగి వస్తుందేమో చూడవచ్చు. తీగ తెగిందన్న అనుమానాన్ని ఓమ్‌లలో పరీక్షించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్‌ను విప్పి, తీగను రెండు చివరలా విడదీసి కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న తీగ 1 ఓమ్ లోపే చూపిస్తుంది, ఎర్త్‌తో గానీ పక్క తీగతో గానీ సంబంధం చూపించదు.

పి0341తో గానీ, క్రాంక్, క్యామ్ స్థితులు కలవడం లేదని చెప్పే పి0016తో గానీ వచ్చిన బండి దగ్గర తీగల కంటే ముందు యంత్రభాగాల గురించి ఆలోచించాలి. టైమింగ్ చైన్ సాగినా, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా, క్యామ్‌షాఫ్ట్ నిజంగానే ఉండవలసిన చోట ఉండదు. అప్పుడు సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు, ఉన్న నిజమే చెబుతోంది. అటువంటి బండికి మూడు సెన్సర్లు మార్చినా కోడ్ తిరిగి వస్తూనే ఉంటుంది, ఆలోగా చైన్ ఇంకా సాగుతుంది, పూర్తిగా జారిననాడు పిస్టన్లు వాల్వులను తాకి ఇంజనే విప్పవలసి రావచ్చు. చల్లని ఇంజన్ అందుకోగానే వినిపించే చైన్ గలగల, ఆయిలు మార్చక ఎంత కాలమైందన్న వివరం ఇక్కడ మీటరుకంటే ఎక్కువ చెబుతాయి.

సరఫరా తీగ మీద 5 వోల్టులు అసలే లేకపోతే ఈసీయూ పోయిందని తొందరపడకూడదు. కొన్ని వాహనాల్లో ఆ 5 వోల్టుల తీగను అనేక సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా అన్నింటి సరఫరా పడిపోతుంది. డయాగ్రమ్ చూసి ఆ తీగ మీదున్న సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే, ఏది విప్పినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే కారణం. ఈసీయూ ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మరో సులువైన దారి ఉంది: పి0342 ఉన్న పుల్‌అప్ సర్క్యూట్‌లో సెన్సర్ కప్లర్ విప్పి సెల్ఫ్ తిప్పినప్పుడు కోడ్ పి0343గా మారితే, ఈసీయూ ఆ మార్పును చూడగలిగిందనీ, అక్కడిదాకా తీగ బాగానే ఉందనీ రుజువవుతుంది, అనుమానం సెన్సర్ వైపు బలంగా మొగ్గుతుంది. ఈసీయూను అనుమానించవలసింది అన్నిటి తర్వాతే, అది కూడా దాని సొంత ఫ్యూజులు, ఎర్త్‌లు పరీక్షించిన తర్వాతే.

మరమ్మతు ఎంత చిన్నదైనా లోపం కంటే ఎక్కువ కాలం నిలవాలి. తెగిన తీగను టంకంతో అతికి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టంతో మూసి, కదలికకు లాగబడకుండా క్లిప్పులో బిగించాలి. తుప్పు పట్టిన పిన్నును గీకి సరిపెట్టకుండా మార్చాలి. కొత్త సెన్సర్ వేస్తే పాత దాని పార్ట్ నంబరుతో సరిచూసి, ఓ రింగుకు కొద్దిగా ఆయిలు రాసి, మాన్యువల్ చెప్పిన బిగువుతోనే బిగించాలి. ఆ తర్వాతే కోడ్‌ను చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నమోదైన పరిస్థితులనే మళ్లీ కల్పించి బండిని నడపాలి: లోపం వేడి ఇంజన్‌తో కామ్రేజ్ వైపు హైవే మీద బయటపడి ఉంటే, గ్యారేజీ ముందు రెండు నిమిషాల ఐడిలింగ్ దేన్నీ రుజువు చేయదు. తిరిగి వచ్చాక పెండింగ్ కోడ్‌లను కూడా చూసి, అంచనా వేసిన అంకెలు, కొలిచిన అంకెలు, దొరికిన లోపం, చేసిన పని జాబ్ కార్డు మీద రాసి, మార్చిన పాత భాగంతో పాటు యజమానికి ఇవ్వాలి.